ఎర్ర తాడు మెడలో ఉన్నా ఫోటో పెట్టేశారు: ఆ గ్రూప్ టికెట్లు కొనేముందు జాగ్రత్త

లండన్‌లో ఉన్న మనవాళ్ళకి ఇది. హై స్ట్రీట్ కెన్సింగ్టన్ డిజైన్ మ్యూజియంలో ఎల్‌జీబీటీ ప్రొఫెషనల్స్‌కి 'సోషల్ ఈవెనింగ్' అని టికెట్లు అమ్మారు చూడండి, ఆ గ్రూప్ గురించే. పేరు రాయక్కర్లేదు, మెయిల్ మీకూ వచ్చే ఉంటుంది. మ్యూజియం వాళ్ళ తప్పేం లేదు, హాలు అద్దెకిచ్చారంతే.

టికెట్ 45 పౌండ్లు, బుకింగ్ ఫీజు ఇంకో నాలుగున్నర. తీరా వెళ్తే ఎగ్జిబిషన్ తలుపు మూసేసి ఉంది! పేజీలో 'ఎగ్జిబిషన్ సందర్భంగా' అని రాశారు, 'ప్రవేశంతో సహా' అని ఎక్కడా లేదు. ఆ ఒక్క మాట చూసుకోకపోవడం మన బుద్ధితక్కువే, ఒప్పుకోవాలి. ఇలాంటి చోట్ల హాలు అద్దె వేరు, సాయంత్రం గ్యాలరీ తెరిపించి కాపలా పెట్టించే ఖర్చు వేరు. ఆ రెండోది మిగుల్చుకున్నారు. చివరికి చూపించింది పై అంతస్తులోని శాశ్వత సేకరణ, పగలు ఎవరైనా ఊరికే వెళ్ళి చూసేది. 1962 నాటి కామన్వెల్త్ ఇన్‌స్టిట్యూట్ భవనం, జీనులా వంగిన ఆ కప్పు అందమైనదే. దాని కింద ఒక గ్లాసు వైన్ పట్టుకుని నిలబడినందుకు మొత్తం 49 పౌండ్ల 50 పెన్నీలు.

సరే, డబ్బు పోతే పోయింది. కడుపు మండేది ఫోటోల దగ్గర.

ఫోటో వద్దనుకునేవాళ్ళకి ఎర్ర లాన్యార్డు (బ్యాడ్జి వేలాడదీసే మెడ తాడు), మిగతావాళ్ళకి నల్లది అని ఫారంలో వాళ్ళే రాశారు. మర్నాడు పొద్దున లింక్డ్‌ఇన్‌లో ఆల్బమ్. వద్దన్నవాళ్ళ మెడలో ఎర్ర తాడు అలాగే కనిపిస్తోంది, బ్యాడ్జి మీద పేరు, కంపెనీ చక్కగా చదవొచ్చు, పైగా ట్యాగ్ కూడా! దగ్గర్నుంచి తీసేటప్పుడు ఫోటోగ్రాఫర్ తాడు రంగు చూస్తాడు. మెట్ల మీద నిలబడి గుంపు మొత్తాన్ని తీసేటప్పుడు చూడడు, సగం తాళ్ళు కోటు కాలర్ కింద ఉంటాయి కూడా. అందుకే పోస్ట్ చేసేముందు ఒక మనిషి కూర్చుని ఒక్కో ఫోటో ఏరాలి. ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు.

లండన్ టీమ్‌లో ఒకరు లైక్ కొడితే గచ్చిబౌలి ఆఫీసు ఫీడ్‌లో తేలుతుంది. అక్కణ్ణుంచి పెదనాన్నగారి ఫోన్‌కి ఎంతసేపు? 2018లో మన సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది గానీ, ఆ తీర్పు కాపీ పెద్దమ్మల వాట్సాప్ గ్రూపుకి ఇంకా చేరలేదు.

తీసేయమని అడిగితే వచ్చిన జవాబు ఇదీ: "ఇది ప్రైడ్ స్పేస్ కదా, లండన్‌లో ఉండి కూడా దాక్కోవడం దేనికి? ఫోటోలో బాగానే ఉన్నారు!" పక్కన ఇంద్రధనుస్సు బొమ్మ. ధైర్యం పాఠాలు టికెట్లోనే కలిపి ఇస్తారని తెలీలేదు. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకునేది ఆ మనిషి. ఈవెంట్ మేనేజరుకి ఏం సంబంధం? మరి ఆ ఎర్ర తాడు ఎందుకిచ్చినట్టు, మెడకి అందమనా?

ఇలా ఎవరికైనా జరిగితే ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తాడు రంగు కనబడాలి. తర్వాత పోస్ట్ పక్కన మూడు చుక్కలు నొక్కి ట్యాగ్ తీసేసుకోండి. సెట్టింగ్స్‌లో విజిబిలిటీ కిందికి వెళ్ళి ఇతరులు ట్యాగ్ చేయకుండా ఆపేయండి. ట్యాగ్ పోయినా ఫోటో అక్కడే ఉంటుంది కాబట్టి మెయిల్ రాయాల్సిందే: యూకే జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) 17వ అధికరణం కింద తొలగించమని, లైంగికతను బయటపెట్టే సమాచారం 9వ అధికరణం కిందికి వస్తుంది, స్పష్టమైన అనుమతి ఏదీ అని. నెలలోపు బదులివ్వాలి. లేదంటే ఆ చట్టం అమలు చూసే యూకే సంస్థ ఐసీఓకి ఫిర్యాదు. ఫారంలో ముందే టిక్ పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదు, దాన్ని చూపించి దబాయిస్తే లొంగకండి.

డబ్బుకి 14 రోజుల రద్దు హక్కు పనిచేయదు, తేదీ ఖరారైన కార్యక్రమాలకి అది లేదు. క్రెడిట్ కార్డుతో కొన్నవాటికి కార్డు కంపెనీని కూడా బాధ్యుల్ని చేసే సెక్షన్ 75 కూడా 100 పౌండ్లు దాటితేనే. సులువైన దారి బ్యాంకుని ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) అడగడం, 'చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి' అని, పేజీ మార్చేలోపు తీసిన స్క్రీన్‌షాట్‌తో. దీనికి గడువుంటుంది, నాన్చకండి.

ఇంకోటి, ఇంకెవరి ఈవెంట్‌కి వెళ్ళినా బ్యాడ్జి మీద కంపెనీ పేరు వద్దనండి.