మెట్ల లైటుకి మూడు స్విచ్చులు, ఒక డిమ్మరు: మూడేళ్ల తర్వాత

మెట్ల లైటుకి మూడు చోట్ల స్విచ్చులు వేయించి మూడేళ్లు దాటింది. ఇంటికి పెట్టిన ఖర్చుల్లో ఇంత సుఖమిచ్చింది ఇంకొకటి లేదు. విజయనగరంలో మాది పాత వీధి, సన్నటి స్థలం. ఇల్లు పైకే లేచింది. కింద మామ్మ, మధ్యలో మేము, పైన పిల్లలు. ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే టూవే స్విచ్చులు కింద, పైన ఉన్నాయి, అవి అందరికీ తెలిసినవే. నాకు నచ్చింది మధ్య అంతస్తులో ఉన్న ఇంటర్మీడియట్ స్విచ్చు.

దానికి నాలుగు పిన్నులుంటాయి. కింది స్విచ్చు నుంచి వచ్చే రెండు వైర్లని, పైకి వెళ్లే రెండిటికి తిన్నగా కలుపుతుంది, నొక్కితే అటుదిటు మారుస్తుంది. అందుకే ఎవరు ఎక్కడ నొక్కి వదిలేసినా మిగతా రెండు చోట్లా పని చేస్తుంది. వైరింగు చేసినాయన "రెండు చాలు బాబూ, ఇది ఎవరూ అడగరు" అన్నాడు. పట్టుబట్టి తెప్పించాను. పైడితల్లి అమ్మవారి పండక్కి చుట్టాలు దిగి, మూడంతస్తుల్లోనూ మనుషులు పడుకున్నప్పుడు దాని విలువ తెలిసింది. చీకట్లో మెట్లు తడుముకోవాల్సిన పని ఎవరికీ లేదు.

చిక్కంతా వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్లతో వచ్చింది. మెట్ల వెలుగు మామ్మ మంచం మీదే పడుతుంది, రాత్రిళ్లు తగ్గించుకోవాలనుకున్నాం. షాపులో కింద ఒకటి, పైన ఒకటి పెట్టించుకోమని రెండు అంటగట్టారు. కింద తగ్గించి ఉంటే పైన ఎంత తిప్పినా వెలుగు పెరగదు. డిమ్మరు చేసేది కరెంటుని సెకనుకి వంద సార్లు కొంత కొంత కోయడం. ఒకదాని వెనక ఒకటి పెడితే రెండోదానికి అందేది అప్పటికే కోసిన కరెంటు. పైగా అవి 60, 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బుల కోసం చేసినవి. మాది 9 వాట్ల మామూలు ఎల్ఈడీ. అంత తక్కువ లోడుకి అవి నిలకడగా ఉండవు. లైటు టపటపా కొట్టుకునేది, బోర్డులోంచి గుయ్యిమని చప్పుడు. ఒక రాత్రి మామ్మ పిల్లల దగ్గరకి ఎక్కుతుంటే సగం మెట్ల మీద లైటు పూర్తిగా పోయింది. రెయిలింగు పట్టుకుని "ఒరే, ఎవరన్నా రండిరా" అని కేకేసింది. పడలేదు, అదే మా అదృష్టం. ఏ బల్బు వాడుతున్నారని అమ్మేముందు ఒక్క మాట అడగని ఆ షాపు మీద నా కోపం ఇప్పటికీ పోలేదు.

తర్వాత వేరే ఎలక్ట్రీషియను వచ్చి పైది తీసేశాడు. కింద ఎల్ఈడీకి పనికొచ్చే డిమ్మరు ఒక్కటే పెట్టాడు. ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, ముందు దాన్లోకి, అక్కణ్ణుంచి కింది టూవే స్విచ్చు కామన్ పిన్నులోకి. బల్బు కూడా డిమ్మబుల్ అని రాసి ఉన్నది మార్చాడు. ఆ డిమ్మరులో చిన్న స్క్రూ ఉంది, వెలుగు అంతకంటే తగ్గకుండా దాంతో కట్టేయొచ్చు. మెట్టు అంచు మామ్మకి కనిపించేంత దగ్గర ఆపించాం. ఇది నేను ఊహించని మేలు.

అలాగని డిమ్మరుని మొదట్లో మెచ్చుకున్నంతగా ఇప్పుడు మెచ్చుకోను. బాగా తగ్గించి ఉన్నప్పుడు ఫ్రిజ్ మోటారు ఎత్తుకుంటే లైటు ఒక్క క్షణం మినుకుతుంది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత కొన్న మా పాత ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది (కరెంటుని నున్నటి అలలా కాక ఒక్కసారిగా అటూ ఇటూ మార్చి ఇచ్చే రకం), కరెంటు పోయి దాని మీద నడిచేటప్పుడు డిమ్మరు మళ్లీ గుయ్యిమంటుంది. అప్పుడు ఫుల్లుగా తిప్పేస్తాం. వెలుగు పెంచాలంటే పైనున్నవాళ్లు కిందికి దిగాల్సిందే, పిల్లలకి అదో విసుగు.

మీది ఒక్క అంతస్తయితే రెండు టూవేలు చాలేమో. మెట్ల పక్కనే పెద్దవాళ్లు పడుకునే ఇల్లయితే మధ్య స్విచ్చు కచ్చితంగా వేయించండి, గోడలు ప్లాస్టరింగు కాకముందే ఆ వైర్లు లాగించుకోండి. డిమ్మరు మాత్రం మామ్మ కోసం ఉంచాం. ఆవిడ గది మెట్లకి దూరంగా ఉండుంటే నేను పెట్టించేవాణ్ణి కాదేమో.