టీవీలో కనపడని ఆ ఇద్దరి కోసం డబ్బులు కట్టొచ్చా? కోచ్ ఫిల్మ్ సబ్‌స్క్రిప్షన్ మీద నా రివ్యూ

ఆదివారం ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటాం, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని అటు చూస్తాడు ఇటు చూస్తాడు, మూడు సెకన్లు, నాలుగు సెకన్లు, ఈలోగా వెనకనుంచి ఎవడో వచ్చి పడేస్తాడు, దాన్నే సాక్ అంటారు. రీప్లేలో కూడా ఆ పడేయడమే చూపిస్తారు. పక్కన కూర్చున్న మా బాబాయి కొడుకు "అన్నయ్యా, అంతసేపు పట్టుకుని ఎందుకు వెయ్యలేదు?" అంటే నా దగ్గర సమాధానం ఉండేది కాదు, ఎందుకంటే ఆ సమాధానం చెప్పే ఇద్దరు సేఫ్టీలు, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసేవాళ్ళు, టీవీ ఫ్రేమ్‌లోనే ఉండరు, బంతికి పదిహేను యార్డుల వెనక ఎక్కడో ఉంటారు.

అందుకే కిందటి సీజన్‌లో కోచ్ ఫిల్మ్ ఉన్న సబ్‌స్క్రిప్షన్ ఒకటి తీసుకున్నా. దీన్ని ఆల్-22 అంటారు, స్టేడియం పైనుంచి తీసిన వీడియో, మైదానంలో ఉన్న ఇరవై రెండు మందీ కనిపిస్తారు, కామెంటరీ ఉండదు, గ్రాఫిక్స్ ఉండవు, ప్లే తర్వాత ప్లే అంతే. ఒకటి పక్కనుంచి, ఇంకోటి గోల్‌పోస్టు వెనకనుంచి, రెండు యాంగిల్స్. మొదటి వారం నిజంగా బోర్ కొట్టింది, ఏం చూడాలో తెలీక బంతినే చూసుకుంటూ పోయా. తర్వాత ఒక పని చేశా, అదే నాకు మొత్తం మార్చేసింది, స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ఒక్క సెకను ముందు పాజ్ చేసి సేఫ్టీలు ఎక్కడున్నారో చూసుకుని, ప్లే నొక్కి, ఒక సెకను తర్వాత మళ్ళీ పాజ్ చేసి వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో చూడటం. ఇప్పటి డిఫెన్స్ కథంతా ఆ రెండు పాజ్‌ల మధ్యే ఉంది.

ఈ యాప్ విలువేంటో తెలియాలంటే టాంపా బే బకనీర్స్, కాన్సాస్ సిటీ చీఫ్స్ ఆడిన రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మొదటిది 2020 నవంబర్. చీఫ్స్ రిసీవర్ (పాస్ అందుకునేవాడు) టైరీక్ హిల్ ఒక్క మొదటి క్వార్టర్‌లోనే 203 యార్డులు కొట్టాడు, 75 యార్డుల టచ్‌డౌన్ ఒకటి, 44 యార్డులది ఇంకోటి, మ్యాచ్ మొత్తంలో 269. టీవీలో చూసినప్పుడు "అబ్బ ఏం స్పీడ్ రా" అనుకుని వదిలేశా. ఫిల్మ్‌లో చూస్తే రిసీవర్‌ని కాసే బకనీర్స్ కార్నర్ కార్ల్టన్ డేవిస్ పరిస్థితి చూసి జాలేసింది, ఆ వేగానికి ఎదురుగా అతన్ని ఒక్కడినే వదిలేశారు, అతను ఒక అడుగు వెనకబడ్డాడంటే ఇక వెనక కాపు కాసేవాడే లేడు.

పది వారాలకి అవే రెండు జట్లు, 2021 ఫిబ్రవరి 7, సూపర్ బౌల్. బ్లిట్జ్‌కి (మామూలుకంటే ఎక్కువమందిని క్వార్టర్‌బ్యాక్ మీదకి పంపడం) పేరుపడ్డ బకనీర్స్ డిఫెన్స్ కోచ్ టాడ్ బోల్స్ ఆ రోజు తన అలవాటే మానుకున్నాడు. నలుగురినే క్వార్టర్‌బ్యాక్ మీదకి పంపి (రష్), మిగతా ఏడుగురినీ రిసీవర్లని కాసే కవరేజ్‌కి వదిలాడు, ఇద్దరు సేఫ్టీలూ బాగా వెనక, పైనుంచి ఎవడూ దాటిపోకుండా కప్పేసినట్టు నిలబడ్డారు. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ లోతుగా చూస్తే అక్కడ మనిషి ఉన్నాడు, కిందకి చూస్తే మధ్యలో కాసే లైన్‌బ్యాకర్లు ఉన్నారు, ఈలోగా నలుగురూ వచ్చేస్తున్నారు. బకనీర్స్ 31-9తో గెలిచింది. మహోమ్స్‌కి ఒక్క టచ్‌డౌన్ పాస్ లేదు, రెండు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసుకున్న పాస్‌లు). చీఫ్స్‌కి ఆ రోజు క్వార్టర్‌బ్యాక్‌ని రెండు పక్కలా కాపాడే రెగ్యులర్ టాకిల్స్ ఇద్దరూ లేరు అన్నది కూడా చెప్పాలి, అది మర్చిపోయి అంతా స్కీమ్ గొప్పే అంటే అన్యాయం. కానీ ఫిల్మ్‌లో మహోమ్స్ వెనక్కి పరిగెడుతున్నప్పుడు ఒక్కోసారి పాజ్ చేసి చూడండి, వెయ్యడానికి ఎవడైనా ఉన్నాడేమో వెతకండి, చాలాసార్లు దొరకడు. నవంబర్‌లో హిల్ రెండు వేళ్ళు చూపించి వెక్కిరించిన సేఫ్టీ ఆంట్వాన్ విన్‌ఫీల్డ్ జూనియర్, ఆ సూపర్ బౌల్‌లో అవే రెండు వేళ్ళు హిల్ మొహం ముందు పెట్టి ఫ్లాగ్ (పెనాల్టీ) తెచ్చుకున్నాడు. ఆ కోపం ఎక్కడిదో మొదటి మ్యాచ్ ఫిల్మ్ చూసిన వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

అసలు ఇక్కడిదాకా ఎందుకొచ్చింది అంటే పాసింగ్‌కి రూల్స్ ఎప్పట్నుంచో అనుకూలంగా మారుతూ వచ్చాయి, 1978లో ఐదు యార్డులు దాటాక రిసీవర్‌ని తోయకూడదు అన్నారు, 2004లో ఆ రూల్‌నే గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టారు. అయినా డిఫెన్స్‌లు దారులు వెతుక్కుంటూనే ఉన్నాయి. సియాటిల్ 2013లో వెనక ఒక్క సేఫ్టీ ఎర్ల్ థామస్‌ని పెట్టి కవర్ 3 (లోతుని ముగ్గురు పంచుకుని కాయడం) ఆడింది, ఆ సీజన్‌లో రికార్డుగా 606 పాయింట్లు కొట్టిన డెన్వర్‌ని సూపర్ బౌల్‌లో 43-8తో కూర్చోబెట్టింది. తర్వాత అందరూ అదే కాపీ కొట్టారు, కానీ ఎర్ల్ థామస్ అందరికీ దొరకడు కదా, ఆ ఒక్క సేఫ్టీకి రెండు పక్కలా ఇద్దరిని నిటారుగా పరిగెత్తిస్తే వాడు ఎటని పోతాడు? అక్కడ మొదలైంది మళ్ళీ ఇద్దరు సేఫ్టీల రోజులు, దానికి పెద్ద పేరు డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియోది.

నాకు ఈ ఫిల్మ్‌లో అన్నిటికంటే నచ్చింది క్వార్టర్స్ కవరేజ్, అంటే కవర్ 4, లోతుని నలుగురు పంచుకుని కాయడం. జోన్ అంటే ఎవడి జాగాలో వాడు నిలబడటం అనుకునేవాణ్ణి, అలా కాదట. లోపలి రిసీవర్ నిటారుగా లోతుకి వెళ్తే సేఫ్టీ వాణ్ణి పట్టుకుంటాడు, వాడే పక్కకి తిరిగిపోతే సేఫ్టీ వాణ్ణి వదిలేసి బయటి రిసీవర్ మీద కార్నర్‌కి సాయం వెళ్తాడు. అంటే రిసీవర్ ఎటు తిరిగాడో చూశాకే సేఫ్టీ తన మనిషి ఎవరో తేల్చుకుంటాడు. 1990ల మొదట్లో క్లీవ్‌ల్యాండ్‌లో హెడ్ కోచ్ బెలిచిక్ దగ్గర నిక్ సేబన్ డిఫెన్స్ చూసుకునే రోజుల్లో గట్టిపడ్డ ఆలోచనలు ఇవి, నిలువుగా పరిగెత్తే నలుగురినీ ఎలా ఆపాలి అన్న బాధలోంచి వచ్చాయి. గోల్‌పోస్టు యాంగిల్‌లో సేఫ్టీ తుంటి ఎటు తిరుగుతోందో చూస్తుంటే, ఆ అర సెకనులో ఆ మనిషి బుర్ర పనిచేయడం కంటికి కనిపిస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది నిజంగా.

బాల్టిమోర్ రేవెన్స్ 2023 అయితే వేరే లెవెల్. మైక్ మెక్‌డొనాల్డ్ డిఫెన్స్ నడిపిన ఆ సీజన్‌లో తక్కువ పాయింట్లు ఇవ్వడం, సాక్‌లు, టేకవేలు (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) మూడింట్లోనూ లీగ్‌లో వాళ్ళే ఫస్ట్. లైన్‌బ్యాకర్లు వచ్చి, బంతి అందించే సెంటర్‌కి అటూ ఇటూ లైన్ మీదే నిలబడతారు, ఆరుగురు వచ్చేస్తున్నారు అనిపిస్తుంది, స్నాప్ అయ్యాక వచ్చేది నలుగురే, కానీ ఆ నలుగురు ఎవరన్నది తెలీదు, ఎప్పుడూ వచ్చేవాడు వెనక్కి జారిపోతాడు, రాడనుకున్నవాడు దూకుతాడు. క్రిస్మస్ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఆడిన మ్యాచ్ పెట్టండి, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అందులో రెండు రేవెన్స్ ఆటగాడు కైల్ హామిల్టన్ పట్టినవి. హామిల్టన్ సేఫ్టీనా, నికెల్‌నా (అదనపు కార్నర్), లైన్‌బ్యాకరా అన్నది ప్లే ప్లేకీ మారుతుంది, అతన్ని ఒక్కణ్ణే చూస్తూ ఒక సాయంత్రం గడిపేశా.

ఇక లోపాలు. నేను తీసుకున్న దాంట్లో వెతకడం నరకం, థర్డ్ డౌన్లు (మూడో ప్రయత్నం ప్లేలు) మాత్రమే చూపించు అంటే ఆప్షన్ లేదు, కవరేజ్ పేరుతో వెతకడం సంగతి అడక్కండి. యాంగిల్ మార్చినప్పుడల్లా ప్లే మొదటికి వెళ్ళిపోతుంది, నేను చెప్పిన ఆ రెండు పాజ్‌ల పద్ధతికి ఇది పెద్ద తలనొప్పి. ఫోన్‌లో అయితే మనుషులు చీమల్లా ఉంటారు, జెర్సీ నంబర్లు కనపడవు, టీవీకి పంపిస్తే మధ్యలో తెగిపోతుంది, చివరికి ల్యాప్‌టాప్ కేబుల్‌తో కలుపుకుని చూస్తున్నా. సపోర్ట్‌కి రెండుసార్లు రాశా, రెండుసార్లూ యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యమన్నారు. ఇంకోటి, అక్కడ వివరించేవాడు ఎవడూ ఉండడు, కవర్ 2కి కవర్ 4కి తేడా తెలీకుండా నేరుగా ఇందులోకి దిగితే వారంలో క్యాన్సిల్ చేస్తారు, ముందు కాస్త చదువుకుని రండి.

నాకు మాత్రం నెలకి పెట్టే డబ్బుకి ఇది బాగా గిట్టింది. అయిదుకి నాలుగు స్టార్లు, ఆ ఒక్కటీ తగ్గింది యాప్ వల్లే, ఫిల్మ్ వల్ల కాదు. సీజన్‌లో మాత్రమే తీసుకుందాం అనుకునే వాళ్ళకి నా సలహా వేసవిలో కూడా ఒక నెల తీసుకోండి, పాత మ్యాచ్‌లు తీరిగ్గా చూడటానికి అదే మంచి టైమ్.

మొన్న మా బాబాయి కొడుకు వచ్చినప్పుడు 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్ పెట్టా, చీఫ్స్ మీద ఫిలడెల్ఫియా ఈగిల్స్, ఈగిల్స్ డిఫెన్స్ ఫాంజియోదే. మ్యాచ్ మొత్తంలో మహోమ్స్ మీద ఒక్క బ్లిట్జ్ లేదు, అయినా ఆరు సాక్‌లు, పుట్టినరోజు నాడే కూపర్ డిజీన్ ఇంటర్‌సెప్షన్‌ని టచ్‌డౌన్ చేశాడు, ఈగిల్స్ 40-22తో గెలిచింది. ఒక సాక్ దగ్గర పాజ్ చేసి "నువ్వైతే ఎవరికి వేస్తావో చెప్పు" అన్నా. స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, ఒక్కో రిసీవర్ మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు, ప్రతివాడి పక్కనా ఒక ఆకుపచ్చ జెర్సీ ఉంది. "ఎవరికీ వెయ్యను అన్నయ్యా" అన్నాడు, ఇంకో ప్లే పెట్టమన్నాడు.