వ్యాన్ మీద ఆ నల్ల రెక్క చూసి డబ్బులు కట్టకండి

క్యాంపర్ వ్యాన్‌లో సిమ్ వేసి వాడే వైఫై రౌటర్ పెట్టించాలనుకునేవాళ్లు పూర్తిగా చదవండి. నాకు 23,500 రూపాయలు పోయాయి. మీకు పోకూడదని రాస్తున్నాను.

మాది సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ వ్యాన్. మంచాలు, సింకు, అల్మారాలు విజయవాడ ఆటోనగర్‌లో కట్టించాం, ఆ పనికి వంక పెట్టలేను. ఇంటర్నెట్ మాత్రం ఆన్‌లైన్‌లో దొరికిన ఒకతనితో పెట్టించాం. ‘ట్రావెల్ రౌటర్ కిట్, రూఫ్ యాంటెన్నాతో, ఫిట్టింగ్ ఉచితం’ అని వీడియోలు పెడుతుంటాడు. పేరు రాయడం లేదు. ఎలాగూ మూడు నెలలకో పేరు మారుస్తున్నాడు.

బిగించిన రోజు అంతా బాగానే కనిపించింది. రౌటర్ మీద సిగ్నల్ గీతలన్నీ వెలిగాయి. వాట్సాప్ కాల్ చేసి చూపించాడు. పైన సొరచేప రెక్కలాంటి నల్ల యాంటెన్నా, బండికి కొత్త కళ వచ్చింది. ఫోన్‌పేలో మొత్తం కట్టేశాను. బిల్లు అడిగితే ‘వాట్సాప్‌లో పంపిస్తా సార్’ అన్నాడు. ఇప్పటికీ పంపలేదు.

తర్వాతి వారం శ్రీశైలం బయల్దేరాం. నరసరావుపేట దాటేసరికే రౌటర్ నత్తనడక. మార్కాపురంలో టీ తాగడానికి ఆగితే, బండి లోపల కూర్చున్న మా ఆవిడ ఫోన్‌లో వీడియో చక్కగా ఆడుతోంది, రౌటర్‌లో మెయిల్ కూడా తెరుచుకోవడం లేదు. రెండింటిలోనూ ఒకే కంపెనీ సిమ్. దోర్నాల దాటాక నల్లమలలో ఎవరికీ సిగ్నల్ సరిగా ఉండదు, దానికి రౌటర్‌ని తిట్టను. కానీ ఊరి నడిబొడ్డున ఫోన్‌కి అందేది టాపు మీద యాంటెన్నా ఉన్న పెట్టెకి ఎందుకు అందదు?

మా బావమరిది టవర్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడు. వచ్చీరాగానే రౌటర్ తిరగేసి, కింది స్టిక్కర్‌ని గోటితో గీకాడు. దాని కింద ఇంకో స్టిక్కర్! అమెరికా కోసం చేసిన పాత మోడల్. పనిచేసే 4జీ బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, 2, 4, 5, 12, 17. మన దగ్గర జియో 4జీ నడిచేది 3, 5, 40 బ్యాండ్ల మీద. ఎయిర్‌టెల్ అయితే 1, 3, 8, 40. అంటే నా జియో సిమ్‌కి కలిసేది ఒక్క 5 మాత్రమే. 850 మెగాహెర్ట్జ్ కాబట్టి అది దూరం బాగా పోతుంది, గోడలు దాటుతుంది, అందుకే ఇంటి దగ్గర గీతలన్నీ వెలిగాయి. కానీ ఆ దారి ఇరుకు, అందరూ దాని మీద పడితే డేటా కదలదు. వేగం ఎక్కువగా వచ్చేది 40 మీద, అది ఈ పెట్టెకి తెలియనే తెలియదు. గీతలు చూసి మోసపోవడం అంటే ఇదే. స్పీడ్ టెస్ట్ చేయించకుండా కట్టడం నా తప్పు, ఒప్పుకుంటాను.

అసలు సంగతి యాంటెన్నా దగ్గర బయటపడింది. బావమరిది రౌటర్ వెనక మర విప్పి కేబుల్ కొస చూపించాడు. మధ్యలో సన్న పిన్ను ఉండాలి, లేదు. రెండో కేబుల్‌కీ లేదు. వైఫై యాంటెన్నాలకు వాడే రకం కనెక్టర్ అట, ఆర్‌పీ ఎస్‌ఎంఏ అంటారు. మొబైల్ సిగ్నల్ పోర్టుకి కావాల్సింది మామూలు ఎస్‌ఎంఏ. రెండింటి మరా ఒకటే, చక్కగా బిగుసుకుంటాయి. లోపల మాత్రం ఏదీ దేనికీ తగలదు. పైన పటారం, లోన లొటారం! ఇనుప బాడీ లోపల రౌటర్ ఒంటరిగా కూర్చుంది, పైన రెక్క దిష్టిబొమ్మలా నిలబడింది. పిన్ను ఉన్నా పెద్దగా లాభం ఉండేది కాదట. బిగించినతను అయిదు మీటర్ల సన్న కేబుల్ వేశాడు, సిగ్నల్‌లో సగానికి పైగా దారిలోనే పోతుంది.

కరెంటు పని ఇంకా ఘోరం. ఫ్యూజ్ లేదు, స్విచ్ లేదు, వైరు నేరుగా ఇంజిన్ బ్యాటరీకే కలిపేశాడు. రౌటర్ 0.8 ఆంపియర్లు లాగుతుంది, రోజంతా ఆన్‌లో ఉంటే 19 ఆంపియర్ అవర్లు. నాలుగు రోజులు ఇంటి ముందు ఆపితే మా 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మిగిలేదేముంది? అయిదో రోజు బండి కదల్లేదు, పక్కింటాయన కారుతో జంప్ స్టార్ట్ చేశాం. ఫ్యూజ్ లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం ఇష్టం లేదు. వెనకాల పిల్లలు పడుకుంటారు.

ఫోన్ చేస్తే అతను తడుముకోకుండా ‘మీ ఏరియాలో సిగ్నల్ వీక్ సార్, ఇంకో తొమ్మిది వేలు వేసుకుంటే బూస్టర్ పెడతా’ అన్నాడు. ఇది మాత్రం అస్సలు ఒప్పుకోకండి. లైసెన్స్ లేకుండా సిగ్నల్ పెంచే మొబైల్ బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో నేరం. టవర్‌కి అడ్డం తగిలి చుట్టుపక్కలవాళ్ల ఫోన్ల సిగ్నల్ కూడా పాడవుతుంది. టెలికాం శాఖవాళ్లు వచ్చి పీకేస్తారు, కేసు మీ మీదా పడొచ్చు.

ఇంట్లోని ఎయిర్‌ఫైబర్ (వైరు లేకుండా ఇంటికి వచ్చే ఇంటర్నెట్) పెట్టె పట్టుకెళ్తే సరిపోదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ కనెక్షన్ పెట్టించిన అడ్రసుకే, బండికి కాదు.

కొనేవాళ్లు రౌటర్ మోడల్ నంబర్ ముందే అడిగి, దాని బ్యాండ్లలో మీ సిమ్ కంపెనీవి (జియో అయితే 3, 5, 40) ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. కేబుల్ విప్పించి పిన్ను చూడండి, అర నిమిషం పని. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండి కరెంటు 14 వోల్టులు దాటుతుంది, దాన్ని తట్టుకునే రౌటరేనా అని అడగండి. ఊరి బయట ఇరవై కిలోమీటర్లు తిప్పి, ఫోన్ పక్కన పెట్టి వేగం పోల్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. జీఎస్టీ బిల్లు లేకపోతే వెనక్కి వచ్చేయండి.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదు, చాటింగ్, రెండు స్టిక్కర్ల ఫొటోలు ఇచ్చాను. కదలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా ఉండదు. ప్రస్తుతానికి డాష్‌బోర్డ్ మీద పాత ఫోన్ ఒకటి పెట్టి హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాం. ఆ రౌటర్ కంటే నయం.

ఇంకొకటి. అతని కొత్త ప్రకటనలో, ‘మా హ్యాపీ కస్టమర్’ అని ఆకుపచ్చ చార ఉన్న తెల్ల ట్రావెలర్ ఫొటో తిరుగుతోంది. అది మా బండే. తీసేయమని మూడుసార్లు అడిగాను, తీయలేదు.