ఫిల్టర్ ముందా, ప్రీయాంప్ ముందా? నల్లగొండ డాబా మీద ఏది మేలు

హామ్ రేడియో వాళ్ల రెండు మీటర్ల బ్యాండులో, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్ మధ్య, దూరపు సిగ్నల్ సరిగా వినబడకపోతే అందరికీ ముందు తోచేది ప్రీయాంప్, అంటే యాంటెన్నా నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను రేడియోకు చేరేలోపే పెంచే చిన్న పరికరం. నల్లగొండలో కూర్చుని హైదరాబాద్ వాళ్లను వినాలన్నా, అంతరిక్ష కేంద్రం 145.800 మీద పంపే మాటలు పట్టాలన్నా అంతే. ఏ ప్రీయాంప్ కొనాలని చాలామంది అడుగుతారు. ఎక్కడ పెట్టాలి, దాని ముందు ఏముండాలి అన్నవి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు.

ఎక్కడ అన్నది త్వరగానే తేలుతుంది. డాబా మీద యాంటెన్నా, కింద గదిలో రేడియో, మధ్యలో 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ ఉన్నాయనుకోండి. ఆ కేబులే దాదాపు 6 డెసిబెల్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) తినేస్తుంది. రేడియో నాయిస్ ఫిగర్, అంటే అది తనంతట తాను కలిపే నాయిస్ కొలత, ఇంకో 6 అయితే మొత్తం నాయిస్ ఫిగర్ 12. నాయిస్ ఫిగర్ 1, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 20 డెసిబెల్ ఉన్న ప్రీయాంప్‌ను రేడియో పక్కన పెడితే ఆ మొత్తం 7కు దిగుతుంది. అదే ప్రీయాంప్‌ను పైన పోల్‌కు కడితే 1.5కు వస్తుంది. కేబుల్లో పోయిన సిగ్నల్‌ను కింద ఎంత పెంచినా తిరిగి రాదు, పక్కనున్న నాయిస్ కూడా దానితోపాటే పెరుగుతుంది. కాబట్టి పైనే పెట్టాలి. ట్రాన్స్‌మిట్ కూడా చేసేవాళ్లు రిలే బైపాస్ (మాట్లాడేటప్పుడు ప్రీయాంప్‌ను పక్కకు తప్పించే స్విచ్) లేకుండా పెట్టొద్దు, మొదటిసారి పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కగానే ప్రీయాంప్ కాలిపోవచ్చు.

అసలు తర్జనభర్జన ఫిల్టర్, అంటే మనకు కావాల్సిన బ్యాండును మాత్రమే వదిలి మిగతావాటిని ఆపేది, దాని దగ్గర వస్తుంది. ప్రీయాంప్ ముందు ఫిల్టర్ పెడితే, అది మింగే ప్రతి డెసిబెల్ నేరుగా నాయిస్ ఫిగర్‌లో కలుస్తుంది. 1 డెసిబెల్ నష్టమున్న ఫిల్టర్‌తో మన 1.5 కాస్తా 2.5 అవుతుంది. అందుకే కొందరు ఫిల్టర్‌ను ప్రీయాంప్ తర్వాత పెట్టమంటారు. లెక్క ప్రకారం వాళ్లది తప్పు కాదు. కానీ తక్కువ ధరకు దొరికే ఎస్‌పీఎఫ్5189జెడ్ లాంటి బోర్డు 50 మెగాహెర్ట్‌జ్ నుంచి 4000 దాకా అన్నింటినీ పెంచుతుంది. దగ్గర్లో 88-108 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, మొబైల్ టవర్ ఉంటే వాటి బలానికి ప్రీయాంపే ఉక్కిరిబిక్కిరవుతుంది. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి గుసగుసలు వినడం లాంటిదే. ఆ తర్వాత పెట్టిన ఫిల్టర్ ఏం చేయగలదు? పాడవాల్సింది అప్పటికే పాడైంది.

ఇంతకీ ముందు పెడితే పోయే ఆ ఒక్క డెసిబెల్ నిజంగా నష్టమేనా? మన చుట్టూ ఉన్న నాయిస్ చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, కరెంటు స్తంభాల మీద మెరిసే స్పార్కులు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) సూత్రం ప్రకారం ఇళ్ల మధ్య 144 దగ్గర మనుషులు చేసే నాయిస్ దాదాపు 13 డెసిబెల్, పల్లెల్లో 7 చిల్లర. ఈ నాయిస్‌తో కలిపి చూస్తే, ఫిల్టర్ వల్ల పోయేది టౌన్లో 0.1, దేవరకొండ వైపు పొలాల్లో 0.3 డెసిబెల్ మాత్రమే. చెవికి తెలియదు. అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్ టౌన్లలో ఉండేవాళ్లు కళ్లు మూసుకుని ఫిల్టర్‌నే ముందు పెట్టుకోవచ్చని నేను గట్టిగా చెబుతాను. 0.5 నాయిస్ ఫిగర్ కోసం డబ్బులు పోసేకంటే మంచి హెలికల్ ఫిల్టర్ కొనడం మేలు. యాంటెన్నాను ఆకాశం వైపు తిప్పి, టవర్లకు దూరంగా బలహీనమైన సిగ్నళ్లు వెతికేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ప్రీయాంపే ముందుండాలి.

అయితే గొడవ చేసే స్టేషన్ 145లోనే ఉంటే ఈ ఫిల్టర్ ఏమీ చేయలేదు. అక్కడ గెయిన్ తగ్గించడమే దారి. 20 బదులు 15 సరిపోతుంది, ముఖ్యంగా ఆర్‌జీ-58 తీసేసి ఆర్‌జీ-213 వేస్తే. ఆ కేబుల్ నష్టం 3 డెసిబెల్ లోపే, మొత్తం నాయిస్ ఫిగర్ 1.7 దగ్గర ఆగుతుంది. గెయిన్ ఎక్కువైతే ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) ముల్లు ఎగురుతుంది గానీ వినికిడి పెరగదు.

హెచ్ఎఫ్‌లో, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్‌జ్ మధ్య, 7 మెగాహెర్ట్‌జ్ కోసం ప్రీయాంప్ కొనొద్దు. అక్కడ బయటి నాయిస్ రేడియో నాయిస్ కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) పెట్టి నాయిస్ వినండి, మళ్లీ యాంటెన్నా తగిలించండి. నాయిస్ స్పష్టంగా పెరిగితే బయటి నాయిస్ మీ రేడియోకు అందుతోందన్నమాట, ఇంకా గెయిన్ అక్కర్లేదు. బలమైన సిగ్నళ్లు కలిసి రేడియోలోనే దొంగ సిగ్నల్ (ఇంటర్‌మాడ్) పుడుతోందని అనుమానముంటే 3 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించేది) పెట్టండి. అసలు సిగ్నల్ 3 తగ్గుతుంది, మూడో ఆర్డర్ ఇంటర్‌మాడ్ 9 తగ్గుతుంది.