పాత ఫైబర్ బోటు బేరంలో ఉన్నారా? ఇంజిను పలక తట్టి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మోటారు బోట్లకు వేట నిషేధం. పాత బోట్ల బేరాలు జోరందుకునేదీ ఆ 61 రోజుల్లోనే. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, కొత్త రంగులు పడతాయి, కొనేవాడికేమో జూన్ 15 నాటికి కడలిలోకి దిగాలన్న ఆత్రం. అమ్మేవాడికి ఇంతకన్నా అదను ఏముంటుంది? కాకినాడ వైపు ఔట్‌బోర్డు ఇంజినుతో (బోటు వెనుక బయటికి తగిలించేది) సహా ఒక ఫైబర్ బోటు చూడబోయి నేను పడ్డ తంటా ఇది. మధ్యవర్తి పేరు రాయను. అతని పద్ధతి తెలిస్తే చాలు.

"రేపు ఇంకో పార్టీ వస్తోంది" అంటూ ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాకే బోటును తీరిగ్గా చూడనిచ్చాడు. నీలం రంగు నిగనిగలాడుతోంది. వెనుక ఇంజిను బిగించే పలకను సుత్తి పిడితో తట్టుకుంటూ వచ్చాను. పైఅంచున టకటకమని గట్టిగా పలికింది, బోల్టుల దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మొద్దుబారింది. ఒక బోల్టు వదులు చేయిస్తే రంధ్రంలోంచి మట్టిరంగు నీళ్లు కారాయి. ఫైబర్ లోపలి చెక్క నాని కుళ్లిందన్నమాట. ఇంజిను బరువు, దాని తోపు మొత్తం పడేది ఆ పలక మీదే. అది ఒడ్డున ఊడితే ఖర్చు, నడిసముద్రంలో ఊడితే ప్రాణం.

ఇక 9.9 హార్స్‌పవర్ ఇంజిను. నీళ్ల డ్రమ్ములో పెట్టి ఒక్క లాగుకే స్టార్టు చేసి చూపించారు. నేను వెళ్లేసరికే దాని మూత వెచ్చగా ఉంది! ముందే వేడిచేసి ఉంచిన ఇంజిను ఒక్క లాగుకు అందుకోవడంలో వింత లేదు. డ్రమ్ములో దానికి మోయాల్సిన బరువూ ఉండదు. చల్లగా ఉన్నప్పుడు మీ చేత్తో మీరే లాగండి. పక్కనుంచి వచ్చే చల్లార్పు నీటిధార సన్నబడుతోందేమో, ఆగి ఆగి వస్తోందేమో గమనించండి. కింది గేరు పెట్టె మర విప్పించి ఆయిల్ చూడండి. ఇక్కడ అది పాలు కలిపిన టీలా వచ్చింది. సీలు పోయి లోపలికి నీరు చేరితేనే ఆయిల్ ఆ రంగుకు తిరుగుతుంది. "నిషేధంలో ఆయిల్ అలాగే ఉంటుంది బాబూ" అని నాకే పాఠం చెప్పాడు ఆ పెద్దమనిషి.

అసలు కిటుకు కాగితాల్లో ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబరు, బోటు మీది నంబరు ఒకటే. కానీ సాయంత్రపు ఏటవాలు ఎండలో కొత్త రంగు కింద పాత అంకెల ఉబ్బు కనిపించింది. చివరి రెండు అంకెలు వేరు. టేపు పెట్టి కొలిస్తే పత్రంలో రాసిన పొడవుకు ఈ బోటు దాదాపు మీటరు తక్కువ. ఇంజిను నంబరు పలక ఉండాల్సిన చోట గీతలు మిగిలాయి. ఇలాంటి బోటు కొంటే డీజిల్ రాయితీ, 2025లో ఇరవై వేలకు పెంచిన నిషేధ భృతి వంటివి అడగడానికి మీ చేతిలో సరైన పత్రం ఉండదు. సముద్రంలో తనిఖీకి ఆపితే సమాధానం చెప్పుకోవాల్సింది కూడా మీరే. బేరానికి ముందే పత్రంతో మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి యజమాని పేరు, కొలతలు సరిచూసుకోండి. బోటు నంబరు, ఇంజిను నంబరు రెండూ రాసిన రసీదు ఇస్తేనే డబ్బు తీయండి.

నా ఇరవై వేలలో సగం తిరిగి వచ్చింది. మిగతా సగం, నాకు చూపించడం కోసం వేయించిన రంగుల ఖర్చట.