జలుమూరు దారిలో తెగిన క్లచ్ వైరు

విజయనగరం నుంచి శ్రీకాకుళం జిల్లా చివరిదాకా బైకుల మీద వెళ్లేవాళ్లలో ఎక్కువమంది నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కితే ఇచ్ఛాపురం వచ్చేదాకా దిగరు. రోడ్డు బాగుంటుంది, బైకులకు టోల్ లేదు, పెట్రోలు బంకులకు కొదవ లేదు. కానీ ఆ రోడ్డు మీద జిల్లా కనబడదు. మడపాం వంతెన మీద రెండు నిమిషాల పాటు వంశధార కనిపిస్తుంది, అంతే. ఈ డిసెంబరులో మా గుంపు వెళ్లినప్పుడు హైవేను అవసరమైన మేరకే వాడుకున్నాం. మిగతాదంతా లోపలి రోడ్లే. బండి ఆగిపోయింది కూడా అలాంటి రోడ్డు మీదే. అక్కడ ఆగింది కాబట్టే చీకటి పడకముందే తేరుకోగలిగామని నా గట్టి నమ్మకం.

మా గుంపులో పెద్దాయన పాలిటెక్నిక్‌లో పనిచేసి రిటైరయ్యారు. అందరం ఆయన్ని మాస్టారు అనే పిలుస్తాం. అందరికంటే చిన్నవాడు బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడు, వాళ్ల నాన్నగారి పాత బండి మీద వస్తాడు. వాణ్ని అందరం తమ్ముడు అంటాం. మా పద్ధతి ఒకటే. ముందు బండికి దారి తెలియాలి, చివరి బండిలో పనిముట్లు ఉండాలి. మధ్యలో ఉన్న ప్రతివాడూ అద్దంలో తన వెనక బండిని చూసుకుంటూ పోవాలి. మలుపు దగ్గర వెనకవాడు కనబడేదాకా ఆగాలి. ఇది సరిగ్గా పాటిస్తే ఫోన్లతో పనుండదు, ఎవరూ తప్పిపోరు.

శ్రీకాకుళంలో బస గురించి ముందు చెప్పాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు చౌకే, టిఫిన్ హోటళ్లూ దగ్గరే. కానీ మేం మొదట చూసిన చోట బైకులు రోడ్డు పక్కనే పెట్టాలన్నారు. "రాత్రంతా వాచ్‌మన్ ఉంటాడు సార్" అన్నారు గానీ గేటు లేదు. మాస్టారు గది చూడకుండానే బయటికొచ్చేశారు. డే అండ్ నైట్ జంక్షన్ నుంచి కాస్త లోపలికి వెళ్తే పాత డాబా ఇంటిని లాడ్జీగా మార్చిన చోటు దొరికింది. గదులు చిన్నవి, వేడినీళ్లు బకెట్లతో తెచ్చి ఇచ్చారు. అయితే వెనక పెరడుంది, ఇనప గేటుంది, గొట్టంతో సహా నీళ్ల కుళాయి ఉంది. బైకుల మీద వచ్చేవాళ్లకు గదిలో టీవీ కంటే ఈ మూడూ ముఖ్యం. పొద్దున్నే ఆరింటికి ఆ సందు చివర పూరీ, బొంబాయి చట్నీ వేడివేడిగా దొరికాయి.

అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంటుంది. మార్చి, అక్టోబరుల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో జనం విపరీతం. మేం వెళ్లింది మామూలు రోజు కనుక త్వరగా బయటపడ్డాం. శ్రీకూర్మంలో మాత్రం గంటల తరబడి ఉన్నా విసుగు పుట్టదు. రెండు ధ్వజస్తంభాలు, మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు, ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు, అన్నీ నిదానంగా చూడాల్సినవే. శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ దగ్గర బండి కింద ఆపుకుని మెట్లెక్కితే వంశధార ఒంపు మొత్తం కళ్లముందుంటుంది. ఈ చోటును 1919లో లోకం దృష్టికి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. కొండమీద నీడ తక్కువ, నీళ్లు మనవెంటే ఉండాలి. కళింగపట్నం తీరంలో దీపస్తంభం చూసి, సైడు స్టాండు ఇసకలో దిగిపోకుండా రాళ్లు పెట్టుకుని బళ్లు ఆపాం. రాత్రి లాడ్జీకి తిరిగొచ్చాక ఆ కుళాయి దగ్గరే అందరం చైన్ల మీది ఉప్పు తుడిచి నూనె వేసుకున్నాం. సముద్రం గాలి తిన్న చైనును రాత్రంతా అలాగే వదిలేయకూడదు.

మర్నాడు నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం బయలుదేరాం. జలుమూరు దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. డిసెంబరులో ఈ జిల్లా లోపలి రోడ్లన్నీ ఇంతే. ధాన్యం చుట్టూ హద్దుగా రాళ్లు పెడతారు. పగలు కనబడతాయి, చీకటిలో కనబడవు. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారిపోతుంది. అందుకే వరుసగా, మెల్లగా పోతున్నాం. అలా వేగం తగ్గించబోయి తమ్ముడు క్లచ్ నొక్కేసరికి లివరు చప్పున చేతికి వచ్చేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. హ్యాండిల్ దగ్గర, తీగ చివర సీసపు గుండు ఉండే చోట వైరు పోగులు పోగులుగా తెగి ఉంది.

చివరి బండి వెంటనే ఆగింది. నిమిషం తిరక్కముందే ముందువాళ్లూ వెనక్కి వచ్చేశారు. తమ్ముడి ముఖం పాలిపోయింది. వాడికి భయం బండి గురించి కాదు, తనవల్ల అందరి ప్రయాణం పాడైందని. ఒకరు వాడి చేతిలో నీళ్ల సీసా పెట్టారు. ఇంకొకరు బండిని చింతచెట్టు కిందకు తోశారు. వైరు ముందే చూసుకోవద్దా అని ఒక్కరూ అనలేదు. మా గుంపులో నాకు బాగా నచ్చేది ఇదే. బండి ఆగినప్పుడు తప్పెవరిదని తేల్చే పని ఎవరూ పెట్టుకోరు.

చివరి బండిలో కొత్త క్లచ్ వైర్లు ఉన్నాయి గానీ అవి మా బళ్లకు సరిపోయేవి. తమ్ముడి పాత బండికి పొడవు చాలలేదు, గుండు సైజూ వేరు. ఈలోగా ధాన్యం తిరగేస్తున్న రైతు ఒకాయన వచ్చారు.

"ఏటయ్యింది బాబూ?"

"క్లచ్ వైరు తెగిపోయింది బాబాయ్."

"తెగిపోనాదా? ముందల ఊర్లో సైకిల్ సాపుంది, ఆడు సేస్తాడు. ముందు ఈ మంచినీళ్లు తాగండి."

ఆ ఊరు రెండు కిలోమీటర్లు ఉంటుంది. పక్క బండి మీద కూర్చుని, ఆగిన బండి ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి తోసుకుంటూ పోవడం మన దగ్గర మామూలే. మాస్టారు ఒప్పుకోలేదు. ధాన్యం మీద రెండు బళ్లూ కలిసి జారతాయన్నారు. హైవే మీదైతే ఆ పని అసలే వద్దు. అక్కడ బండి పక్కకు తీసి 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాహనం వస్తుంది.

"క్లచ్ లేకపోయినా బండి నడుస్తుంది, నువ్వే నడుపు" అన్నారు మాస్టారు తమ్ముడితో. తాను ఎక్కి నడిపేయగలరు, అయినా వాడి చేతే చేయించారు. న్యూట్రల్‌లో ఇంజను స్టార్ట్ చేయించారు. మేం ఇద్దరం వెనక నుంచి పరుగెత్తుతూ తోశాం. బండి కదిలాక మొదటి గేరు వేయమన్నారు. చిన్న కుదుపుతో పడింది. "ఇప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఆ క్షణంలోనే గేరు పైకి లేపు." రెండో గేరు నున్నగా పడింది. ఆగాల్సిన చోటికి ముందే న్యూట్రల్‌కు తెచ్చేయాలని, కుదరకపోతే స్విచ్‌తో ఇంజను ఆపేయాలని పక్కనే వస్తూ చెప్పారు. ఒక బండి ముందు హారన్ కొడుతూ దారి చేసింది. ఊరు చేరేసరికి తమ్ముడి ముఖంలో రంగు తిరిగొచ్చింది.

సైకిల్ షాపాయన బండిని, వైరును చూసి ముందు తానేం చేయలేడో చెప్పాడు. కొత్త వైరు తన దగ్గర లేదు, చేయగలిగింది తాత్కాలికమే అన్నాడు. తెగిన పోగులు సమంగా కోసి, మరతో బిగించే చిన్న ఇత్తడి గుండు తొడిగాడు. వైరు పొట్టిదైంది కదా, రెండు వైపులా అడ్జస్టర్లు పూర్తిగా వదులు చేసి ఆ లోటు పూడ్చాడు. గుండు ఖరీదు తీసుకున్నాడు, కూలి వద్దన్నాడు. "పేటెళ్లేదాకా క్లచ్ తక్కువ పట్టుకోండి బాబూ, గట్టిగా నొక్కితే జారిపోద్ది" అని రెండుసార్లు చెప్పాడు. ఎంతవరకు నమ్మొచ్చో అంత కచ్చితంగా చెప్పే మెకానిక్ దొరకడం అదృష్టం. పెద్ద పెద్ద సర్వీస్ సెంటర్లలోనూ ఈ మాట నేను అరుదుగా విన్నాను.

శ్రీముఖలింగం గుడి దగ్గర్లోనే ఉంది. ఇద్దరు తమ్ముడితో వెనక్కి వెళ్లి మిగతావాళ్లు చూసి వస్తే సరిపోతుందని ఒక ఆలోచన వచ్చింది. మాస్టారు "వెళ్తే అందరం, లేకపోతే రేపు" అన్నారు. అందరం నరసన్నపేటకు తిరిగొచ్చాం. అక్కడ ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి వదిలి రేపు మధ్యాహ్నం రమ్మన్నారు. వైరు మార్చడానికి ఒక పూట ఎందుకో మాకు అర్థం కాలేదు. అదే రోడ్డులో రేకుల షెడ్డు మెకానిక్ స్పేర్ పార్టుల కొట్టుకు కుర్రాణ్ని పంపి వైరు తెప్పించాడు. బిగించే ముందు వైరు నిలువుగా పట్టుకుని లోపలికి చుక్క చుక్కగా నూనె వదిలాడు. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి, ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాకే బండి ఇచ్చాడు. ఆయన సలహా మీదే ఇంకో వైరు కొని, ఉన్న వైరు పక్కనే కొసలు కట్టి టేపుతో చుట్టి ఉంచాం. ఈసారి తెగినా హ్యాండిల్ దగ్గర, ఇంజను దగ్గర కొసలు మార్చుకుంటే చాలు.

ఆ రాత్రి నరసన్నపేటలో దొరికిన లాడ్జీకి గేటైతే ఉంది గానీ దోమల బాధ ఎక్కువ, దుప్పట్లు బాగాలేవు. అవసరానికి తప్ప అక్కడ ఉండమని చెప్పను. పొద్దున్నే మంచులో శ్రీముఖలింగం చేరాం. మధుకేశ్వరుడి గుడిలో అప్పుడు అర్చకులు, మేమూ తప్ప ఎవరూ లేరు. సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు కూడా విడిచిపెట్టకండి. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. ద్వారాల మీది చెక్కడం చూస్తే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. 1863లో గిడుగువారు పుట్టిన పర్వతాలపేట ఈ పక్కనే. అక్కడ భోజనం హోటళ్లు లెక్కపెట్టుకోకండి, నరసన్నపేటలో టిఫిన్ చేసుకుని వెళ్లడం మేలు.

తర్వాత టెక్కలి దగ్గర తేలినీలాపురం. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు శీతాకాలమంతా ఊరి చెట్ల మీదే కాపురముంటాయి, మార్చి దాకా కనబడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. ఊరి మొదట్లోనే ఇంజన్లు ఆపి నడిచి వెళ్లండి. పెద్ద సైలెన్సర్లు పెట్టుకున్న బళ్లు లోపలికి తేవడం అన్యాయం.

పలాస దాటాక బారువ వైపు ఉద్దానం కొబ్బరి తోటల మధ్య రోడ్డు ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఇక్కడి తోటల్ని నేలమట్టం చేసింది. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు తలకెత్తుగా లేచాయి. బారువ తీరం కళింగపట్నం కంటే ప్రశాంతం. బస మాత్రం పలాసలో పెట్టుకోండి. లాడ్జీలూ మెకానిక్‌లూ అక్కడే ఉన్నారు.

లోపలి రోడ్లకు సంక్రాంతి దాటాక వెళ్తే ధాన్యం ఎత్తేసి ఉంటారు, పక్షులూ ఉంటాయి, ఎండ ముదరదు. పాత బండి ఉన్నవాళ్లు దాని సైజు క్లచ్ వైరు, ట్యూబు తమ దగ్గరే పెట్టుకోవాలి, గుంపులో ఎవరో తెస్తారని వదిలేయొద్దు. మందస కోవా కొంటే మాత్రం ట్యాంకు మీది సంచిలో పెట్టకండి, ఇంజను వేడికి మెత్తబడిపోతుంది. వెనక బ్యాగులో బట్టల మధ్య పెట్టుకుంటే ఇంటిదాకా బాగానే వస్తుంది.