ఫోన్ టార్చ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఫోన్ కొనేటప్పుడు కెమెరా చూస్తాం, ర్యామ్ చూస్తాం, బ్యాటరీ ఎంతని అడుగుతాం. టార్చ్ ఎలా వెలుగుతుందో వేసి చూసేవాళ్లు అరుదు. నేనూ చూడలేదు. ఇదే ఫోన్ నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. మంచం కింద చెప్పు కోసం, మీటరు రీడింగ్ కోసం, రౌటర్ వెనక చిన్న అక్షరాల కోసం, రాత్రి తాళంలో చెవి దూర్చడం కోసం రోజుకు ఒక్కసారైనా టార్చ్ వేస్తాను. కెమెరాతో అంత పని లేదు. ఇంతగా వాడే దాని గురించి విడిగా రాయాల్సిందే అనిపించింది.

ముందే చెప్పేస్తాను. దీని వెలుతురు గొప్పదేం కాదు. అయినా ఎక్కడ పట్టుకోవాలో, ఎంత తగ్గించాలో తెలిశాక నాకు ఈ ఫోన్‌లో ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు. ఆ రెండూ తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక రాత్రి కరెంటు పోయింది. అమ్మ మేడ మీద నుంచి దిగుతోంది. వెనకాలే నేను, ఆమె భుజం మీదుగా టార్చ్ పట్టుకుని, వెలుగు పూర్తిగా పెంచి దిగుతున్నాను. నాలుగు మెట్లు బాగానే దిగింది. ఐదో మెట్టు దగ్గర కాలు తడబడింది. కమ్మీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. "నా నీడే నాకు అడ్డమొస్తోంది నాన్నా, మెట్టు ఎక్కడుందో తెలియట్లేదు" అంది. నా గుండె ఝల్లుమంది. ఇంత వెలుతురు వేశాను కదా అనుకున్నాను గానీ, ఆ వెలుతురంతా ఆమె వీపు మీద పడుతోంది. ఆమె కాలు పెట్టాల్సిన చోట మాత్రం చీకటి.

మర్నాడు పొద్దుపోయాక అవే మెట్ల మీద దీపాలన్నీ ఆపి రకరకాలుగా పట్టుకుని చూశాను. కంటి ఎత్తులో పట్టుకుంటే మెట్లన్నీ ఒకే తెల్లటి పలకలా కనిపిస్తున్నాయి. దీపం, కన్ను ఒకే చోట ఉంటే నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుంటాయి, ఎత్తుపల్లాలు తెలియవు. అదే ఫోన్‌ని మోకాలి ఎత్తుకు దించి పక్క నుంచి వేస్తే ప్రతి మెట్టు అంచూ గీత గీసినట్టు తేలింది. ఇప్పుడు ఎవరినైనా చీకట్లో దింపాలంటే వాళ్లకంటే ఒక మెట్టు కింద, పక్కగా నేను దిగుతూ, ఫోన్ ఉన్న చేతిని కిందికి వదిలి వాళ్ల పాదాల వైపు తిప్పుతాను. వెలుగు సగానికి తగ్గించినా మెట్టు స్పష్టంగా కనిపిస్తుంది. మట్టి దారిలోనూ అంతే. నడుము కింద పట్టుకుంటే గుంత గుంతలా, రాయి రాయిలా కనిపిస్తాయి.

దీనికి అన్నలాంటి కిటుకు ఇంకొకటి ఉంది. కళ్ళజోడు స్క్రూ ఎప్పుడైనా నేల మీద పడేసుకున్నారా? బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. నిలబడి టార్చ్ వేసి అరగంట వెతికినా దొరకదు, గచ్చు రంగులో కలిసిపోతుంది. ఫోన్‌ని నేల మీద పక్కకు నిలబెట్టండి, టార్చ్ ఉన్న అంచు కిందికి వచ్చేలా. అప్పుడు దీపం నేలకు వేలెడు ఎత్తులో ఉండి, వెలుగు గచ్చును రాసుకుంటూ పోతుంది. మీరూ చెంప నేలకు ఆనించినంత వంగి చూడండి. మిల్లీమీటరున్నర ఎత్తున్న స్క్రూ వెనక నాకు బెత్తెడు నీడ కనిపించింది. వెతకాల్సింది స్క్రూని కాదు, నీడని. దుమ్ము కణాలు కూడా తలా ఒక తోక తగిలించుకుని కనిపిస్తాయి, వాటిలో అన్నిటికంటే నల్లటి తోక మనది. పగిలిన గాజు పెంకులు ఏరేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చీపురుతో ఊడ్చాక ఒకసారి ఇలా వేసి చూడండి, ఎన్ని మిగిలిపోయాయో తెలుస్తుంది. పసిపిల్లలు పాకే ఇల్లయితే తప్పకుండా చూడండి. పాదంలో దిగిన ముల్లు కూడా పై నుంచి కంటే పక్క నుంచి వేస్తేనే దొరుకుతుంది.

ఇక దూరం. ఇక్కడ ఫోన్ టార్చ్ చేతులెత్తేస్తుంది. దానికి కారణం ఉంది. ఇది పుట్టింది కెమెరా ఫ్లాష్‌గా. ఫొటోలో పడే మేరంతా సమానంగా వెలగాలని, దాని పైనున్న చిన్న లెన్స్ వెలుగును వెడల్పుగా చిమ్ముతుంది. చేతి టార్చ్‌లో గిన్నెలాంటి అద్దం వెలుగును ఒక ధారగా కూడగట్టి పంపుతుంది, ఇందులో అది లేదు. పైగా దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. మీటరు దూరంలో బాగా కనిపించేది ఐదు మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఐదో వంతు. కాబట్టి చెయ్యి చాచిన దూరం నుంచి నాలుగడుగుల దాకా ఇది రాజు. గేటు దగ్గర ఎవరో ఉన్నారని చూడాలంటే దీన్ని నమ్ముకోకండి. మనకు వాళ్లు కనపడరు, వాళ్లకు మాత్రం మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

రంగుల విషయంలోనూ జాగ్రత్త పడాలి. టార్చ్ ఆపి ఉన్నప్పుడు ఆ చిన్న గాజులోకి తేరిపార చూడండి, పసుపు పచ్చని చుక్క కనిపిస్తుంది. లోపలున్నది నిజానికి నీలం ఎల్ఈడీ. దాని మీద పూసిన ఫాస్ఫర్ అనే పసుపు పొర నీలాన్ని కొంత మింగి పసుపుగా వదులుతుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం ఎల్ఈడీని సాధించడానికి దశాబ్దాలు పట్టింది. అందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. నా జేబులో చుక్కంత ఉన్న దీని వెనక అంత కథ ఉందని తెలిశాక నాకు దీని మీద గౌరవం పెరిగింది. అయితే ఈ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. నా ఫోన్ వెలుతురులో ముదురు ఎరుపు, గోధుమ రంగు దాదాపు ఒకేలా ఉంటాయి. వైర్ల రంగు చూసి పని చేయాల్సి వస్తే పగటి వెలుతురు వచ్చేదాకా ఆగుతాను. మాత్రలు రంగుని బట్టి కాకుండా అట్ట మీద పేరు చదివే ఇస్తాను.

వెలుగు తగ్గించే సదుపాయం ఉందని చాలామందికి తెలియదు. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ తెరిచి టార్చ్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే మెట్లు మెట్లుగా పెంచే, తగ్గించే పట్టీ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ఎప్పటి నుంచో ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి దీనికి సిస్టమ్‌లోనే దారి ఏర్పడింది, అయితే ఫోన్ హార్డ్‌వేర్ కూడా సహకరించాలి. మీ ఫోన్‌లో క్విక్ సెట్టింగ్స్‌లోని టార్చ్ గుర్తును నొక్కి పట్టుకుని చూడండి. నాది ఎప్పుడూ అన్నిటికంటే తక్కువలోనే ఉంటుంది. దగ్గరి పనులకు అదే హాయి. పూర్తి వెలుగులో తెల్ల కాగితం చదివితే కళ్ళు జిగేల్‌మంటాయి, తల తిప్పగానే చుట్టూ కటిక చీకటి.

చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి వెలుగు పడితే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికి వస్తుంది. అర్ధరాత్రి లేచినప్పుడు నేను తక్కువ వెలుగు పెట్టి, టార్చ్ మీద చూపుడు వేలు ఆనిస్తాను. రక్తం ఎరుపును తప్ప మిగతా రంగులను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి వేలు నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు వెలుగు చీకటి చూపును అంతగా చెడగొట్టదు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి అది చాలు, పక్కన పడుకున్నవాళ్లకు నిద్రాభంగం ఉండదు. ఈ వేలి పద్ధతి తక్కువ వెలుగులో, కొద్దిసేపే. పూర్తి వెలుగులో పెడితే చురుక్కుమంటుంది. కెమెరా మీద వేలు పెట్టి నాడి చూసే యాప్‌లు కూడా ఈ ఎర్రటి వెలుగు హెచ్చుతగ్గుల్నే లెక్కపెడతాయి.

బ్యాటరీ గురించి అందరికీ ఉండే టెన్షనే నాకూ ఉండేది. అందుకే కొలిచి చూశాను. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, స్క్రీన్ ఆపి, టార్చ్ పూర్తి వెలుగులో గంటసేపు పెడితే కొత్తలో ఆరు శాతం తగ్గింది. నాలుగేళ్లకు బ్యాటరీ అరిగాక ఇప్పుడు తొమ్మిది. తక్కువ వెలుగులో అందులో సగం కూడా కాదు. భయపడాల్సినంత ఖర్చేం కాదు, కానీ ఒక చిక్కు ఉంది. చార్జింగ్ బాగా తగ్గిపోతే నా ఫోన్ టార్చ్ వెయ్యనివ్వదు. చాలా ఫోన్లు ఇంతే. కరెంటు పోయి మూడు గంటలయ్యాక, నిజంగా అవసరమైన వేళ ఆ మాట తెర మీద కనిపిస్తే ఉసూరుమంటుంది. పైగా ఆ మిగిలిన చార్జింగ్‌తోనే ఎవరికైనా ఫోన్ చెయ్యాలి. ముప్పై శాతం కంటే తగ్గితే నేను టార్చ్ మానేసి ఇంట్లో ఉన్న మరో దీపం వెతుక్కుంటాను.

గది మొత్తానికి వెలుతురు కావాలంటే ఫోన్‌ని బోర్లా పెట్టి తెల్లటి పైకప్పు మీదికి వెయ్యండి. వెలుగు పైకప్పుకు తగిలి మెత్తగా కిందికి పరుచుకుంటుంది. దీపం మీద నీళ్ల సీసా పెట్టే పద్ధతి చాలామంది చెబుతారు. అది పని చేస్తుంది, బాగుంటుంది కూడా. కానీ ఫోన్ వెనక కెమెరా గుబ్బ మీద సీసా ఊగిసలాడుతుంది. ఒకసారి ఒరిగిపోయి నీళ్లు చార్జింగ్ పోర్టులోకి వెళ్లాయి, పూటంతా ఆరబెట్టాల్సి వచ్చింది. పైకప్పు ఉండగా సీసా ఎందుకు?

రెండు చేతులూ కావాల్సిన పనికి ఇది తగదు. నోట్లో పట్టుకుంటారు కొందరు. ఫోన్ జారితే పోయేది ఫోన్ ఒక్కటే కాదు, పళ్ళు కూడా పోవచ్చు. చొక్కా జేబులో, దీపం జేబు అంచుకు పైన ఉండి బయటి వైపు చూసేలా పెట్టుకుంటే కొంత నయం, వంగనంతవరకు.

వెయ్యడం తేలికే, తెలియకుండా వెలగడమే సమస్య. లాక్ స్క్రీన్ మీద టార్చ్ గుర్తు ఉండేది. ఒకరోజు ఫోన్ సంచిలో బట్టల మధ్య ఉండగా ఎలా నొక్కుకుపోయిందో గానీ, తీసేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి. చార్జింగ్ పావు వంతు మాయం. మూసుకుపోయిన చోట ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. అప్పటి నుంచి లాక్ స్క్రీన్ మీద ఆ గుర్తు తీసేసి, పై నుంచి లాగే పట్టీలో మొదటి గడిలో పెట్టుకున్నాను. వానలో తెర తడిస్తే వేలి స్పర్శ సరిగా పట్టుకోదు. అలాంటప్పుడు బటన్‌తోనో, ఫోన్ ఊపితేనో, నోటితో చెబితేనో వెలిగే ఏర్పాటు మీ ఫోన్‌లో ఉంటే ముందే చేసి పెట్టుకోండి. వానలో నిలబడి సెట్టింగ్స్ వెతకలేం.

టార్చ్ యాప్‌లు మాత్రం దయచేసి వేసుకోకండి. ఒకప్పుడు అవసరమే. ఐఫోన్‌లో టార్చ్ బటన్ 2013లో ఐఓఎస్ 7తో, ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ బటన్ 2014లో 5.0తో వచ్చాయి. అంతకుముందు చాలామందికి యాప్‌లే దిక్కు. దీపం వెలిగించే యాప్‌కి మనం ఎక్కడున్నామో ఎందుకు? 2013లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక పేరున్న టార్చ్ యాప్ తయారీదారుపై చర్య తీసుకుంది. వాడేవాళ్ల లొకేషన్‌ను వాళ్లకు సరిగా చెప్పకుండా ప్రకటనల నెట్‌వర్క్‌లకు చేరవేస్తోందన్నది ఆరోపణ. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో పాత యాప్ ఏదైనా మిగిలి ఉంటే తీసేసి, బటన్ ఎక్కడుందో చూపించండి.

నాలుగేళ్లలో దీపం బలం తగ్గినట్టు నాకు అనిపించలేదు. ఒకసారి మసకబారిందని కంగారు పడ్డాను గానీ, తప్పు కవర్‌ది. పారదర్శకంగా ఉండాల్సిన కవర్ పసుపెక్కి, దాని అంచు దీపానికి అడ్డం వచ్చింది. కవర్ మార్చి, మెత్తటి గుడ్డతో తుడిస్తే మళ్లీ మామూలైంది.

రాత్రి నడకకు విడిగా చిన్న టార్చ్ ఒకటి కొనుక్కున్నాను, ఫోన్ జేబులోనే ఉంటుంది. ఇంట్లో మాత్రం ఇదే. అమ్మ ఫోన్‌లో కూడా టార్చ్‌ని మొదటి గడిలో పెట్టి, వెలుగు తగ్గించడం నేర్పాను. మొన్న కరెంటు పోయినప్పుడు నేను చీకట్లో ఫోన్ తడుముకునేలోపే మెట్ల మీద వెలుతురు కదిలింది. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో మోకాలి పక్కన ఫోన్ పట్టుకుని అమ్మ ఒక్కతే దిగి వచ్చింది.